మాయ పడ్డాక పది నిమిషాలు

మిర్చి కోతలు అందుకుంటే చర్ల, దుమ్ముగూడెం, బూర్గంపాడు వైపు గోదావరి ఒడ్డు చేలన్నీ కూలి ముఠాలతో నిండిపోతాయి. మన కోయ పల్లెల ఆడవాళ్ళే కాదు, సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా కుటుంబాలకు కుటుంబాలు దిగుతాయి. చేను గట్టున చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల, అందులో పాలు తాగే పసికందు, సాళ్ళ మధ్య వంగిన తల్లి. ఈ బొమ్మ మనకు కొత్తది కాదు. ఈసారి కోతల్లో ఒక గట్టు మీద కాసేపు ఆగితే మరో సంగతి కంటబడింది. ఉయ్యాలలో బిడ్డకు ఇంకా ఏడాది నిండలేదు, తల్లి కొంగు కింద కడుపు మళ్ళీ ఎత్తుగా ఉంది. ఐదో నెలంట.

"ఇదేందమ్మా, అప్పుడేనా?" అని పక్క సాలులో పెద్దమ్మ అడిగితే ఆ పిల్ల నవ్వి తల దించుకుంది. "ఏం జేస్తం పెద్దమ్మా, అయిపాయె" అంది. "మొదటి కాన్పు యాడ?" అంటే "ఆస్పత్రిల్నే" అంది. "మరి ఆడ ఏం జెప్పలే?" అంటే "ఏం జెప్పలే. బిడ్డకు టీకా ఏసిండ్రు, పంపిచ్చిండ్రు."

ఈ మాట దగ్గర ఆగాలి మనం. తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే అవుతున్నాయని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వాగు పొంగి దారిలోనే పురుడు పోసుకున్న తల్లులు, మంచం డోలీ మీద మోసుకొస్తుంటే అడవిలోనే కన్న తల్లులు ఇంకా ఉన్నారు. అది వేరే పోరాటం. కాని అత్యధికులు ఏదో ఒక ఆస్పత్రి గడప తొక్కుతున్నారు. అంటే ఆ తల్లి వైద్యానికి అందనంత దూరాన లేదు. రెండు మూడు రోజులు డాక్టరమ్మ, నర్సమ్మ కళ్ళెదుటే మంచం మీద ఉంది. ఆ రెండు మూడు రోజుల్లో ఒక్కరు ఆమె పక్కన కూర్చుని, "మళ్ళీ బిడ్డ ఎప్పుడు కావాలనుకుంటున్నవమ్మా?" అని అడగలేదు. ఆ అడగకపోవడం ఖరీదే గట్టు మీద కనపడింది.

కాన్పు గది ముచ్చట రైతుకూలీల పేజీలో దేనికని అడిగే కార్యకర్తలుంటారు. పోడు పట్టాలు, కౌలు రేట్లు, తునికాకు కట్ట ధర వదిలి ఇదేంటని విసుక్కోవచ్చు కూడా. సరే, కూలి లెక్కే వేద్దాం. తునికాకు నెల రోజుల పని. ఆ నెలలో ఎనిమిదో నెల కడుపుతో ఉన్న మనిషి తెల్లారుజామున గుట్టెక్కి ఆకు కోయలేదు. కోసినా, యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి, మోపు తలకెత్తుకుని కల్లం దాకా నడవలేదు. ఆ నెల డబ్బు పోతే వానాకాలం విత్తనానికి షావుకారు దగ్గర చెయ్యి చాపాలి. కాన్పుకూ మళ్ళీ కడుపుకూ మధ్య కనీసం రెండేళ్ళ ఎడం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనులే. పైగా తెలంగాణలో ఆ సర్వే నాటికే నూటికి 60 కాన్పులు పెద్దాపరేషన్లు. కోసి కుట్టిన గర్భసంచి మానకముందే మళ్ళీ నెల తప్పితే, ఆ కుట్టు దగ్గర సంచి చిట్లే ప్రమాదం ఉంది. ఇది కూలి సమస్యా కాదా మీరే చెప్పండి.

అసలు వస్తువు ఏమిటో ముందు చూద్దాం. జనం "లూపు" అంటారు. ఇప్పుడు వాడేది కాపర్-టి. అగ్గిపుల్ల కంటే కాస్త పొట్టిగా, ఇంగ్లీషు టీ అక్షరంలా ఉండే మెత్తని ప్లాస్టిక్ ముక్క. దానికి సన్నటి రాగి తీగె చుట్టి ఉంటుంది, అడుగున రెండు దారపు పోగులు వేలాడతాయి. దీన్ని గర్భసంచిలో పెడతారు. రాగి వల్ల మగవాడి బీజకణాలు బలహీనపడి, అండాన్ని చేరలేవు. పెట్టించుకున్న వందమందిలో ఏడాదికి ఒక్కరికి కూడా కడుపు రాదు. మందు ఒంట్లోకి ఎక్కేది కాదు కనక పాలు తగ్గవు. 380-ఎ అనే రకం పదేళ్ళు పనిచేస్తుంది, 375 రకం ఐదేళ్ళు. వద్దనుకున్న రోజు తీయించుకుంటే మళ్ళీ పిల్లలు పుడతారు. ఆపరేషన్‌కూ దీనికీ ఉన్న తేడా ఇదే. రాగి గుణాన్ని కనిపెట్టినవారిలో ముఖ్యుడు హైమే జిప్పర్ అనే చిలీ దేశపు డాక్టరు. 1960లలో అక్కడి పేద ఆడవాళ్ళు దొంగచాటు గర్భస్రావాలతో ఆస్పత్రుల్లో చచ్చిపోతుంటే చూసిన మనిషాయన. ఈ చిన్న ముక్క పుట్టిన చోటు కూడా పేదల వార్డే.

కాన్పు కాగానే దీన్ని పెట్టే పద్ధతి మన ప్రభుత్వాసుపత్రుల్లో 2010 నుంచి విస్తరిస్తూ వచ్చింది. మాయ పడ్డాక పది నిమిషాల్లోపు పెట్టడం అన్నిటికంటే మేలు. అప్పుడు గర్భద్వారం తెరుచుకునే ఉంటుంది, వేరే నొప్పి పెద్దగా తెలియదు. పెద్దాపరేషన్ అయితే సంచి కుట్టేముందే చేత్తో లోపల పెట్టేస్తారు. ఆ పది నిమిషాలు దాటినా 48 గంటల లోపు పెట్టొచ్చు. అదీ దాటితే ఇక ఆరు వారాలు ఆగాలి.

ఈ ఆరు వారాల మాట కాగితం మీద రాసినంత తేలిక కాదు. ఆరు వారాలకు బాలింత ఊళ్ళో ఉంటుంది, లేదా అప్పుడే కూలికి దిగి ఉంటుంది. మళ్ళీ ఆస్పత్రికి పోవాలంటే ఆటో కిరాయి, బస్సు కిరాయి, ఒకరోజు కూలి, తోడు వచ్చేవాళ్ళ కూలి. "మంచిగున్నదాన్ని, ఆస్పత్రికి దేనికి?" అని అత్త అంటుంది. ఏ సుఖరోగమూ లేకుండా ఆస్పత్రికి పోవడం పేదింట్లో అలవాటు లేని పని. అందుకే ఆ 48 గంటలకు అంత విలువ.

ఇంతవరకూ వింటే చాలామంది చదువుకున్నవాళ్ళు, "అయితే ఇంకేం, ప్రతి తల్లికీ పెట్టేస్తే సరిపోదా?" అంటారు. ఇక్కడే మన దారి వేరవుతుంది. పది నిమిషాల్లో పెట్టొచ్చు గాని, పది నిమిషాల్లో అడగకూడదు. నొప్పులతో మంచం కమ్మీ పట్టుకుని అరుస్తున్న ఆడమనిషి ముఖం మీద కాగితం పెట్టి "లూపు వేస్తాం, సరేనా?" అంటే, ఆమె దేనికైనా సరే అంటుంది. బిడ్డ బయటపడితే చాలనే స్థితిలో ఉంటుంది. అది ఒప్పుకోలు కాదు. ప్రభుత్వ మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి. నెలనెలా పరీక్షలకు వచ్చినప్పుడే మాట్లాడాలి, ఏడో నెల, ఎనిమిదో నెలలో ఇంకోసారి మాట్లాడాలి, నొప్పులు ముదిరాక ఒప్పుకోలు తీసుకోకూడదు. మరి ఇది జరుగుతోందా? మొదటి కాన్పులోనే "ఏం జెప్పలే" అన్న పిల్ల మాటే జవాబు.

ఆదివాసీలకు అవగాహన లేదు, మూఢనమ్మకాలు ఎక్కువ అని ఆఫీసర్లు ఒక పాట పాడుతుంటారు. మన జనం భయపడడానికి కారణాలు చరిత్రలోనే ఉన్నాయి. లూపు మన దేశంలోకి వచ్చింది 1965లో. అప్పటిది ఉట్టి ప్లాస్టిక్‌ది. తొలి రెండేళ్ళలో లక్షల మందికి పెట్టారు. ఎక్కువ రక్తం పోతుందని గాని, జారిపోవచ్చని గాని చెప్పలేదు. పెట్టినవాళ్ళు మళ్ళీ ఊళ్ళోకి వచ్చి చూడలేదు. రక్తం పోతున్న ఆడవాళ్ళ మాట పల్లె నుంచి పల్లెకు పాకింది, తర్వాత ఏటికేడు పెట్టించుకునేవాళ్ళు పడిపోయారు. ఆ మాటను పుకారన్నారు. అది అనుభవం!

ఆ తర్వాత ఎమర్జెన్సీ. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 82 లక్షల ఆపరేషన్లు చేశారు, అందులో ఎక్కువ భాగం మగవాళ్ళకు. కోటా పెట్టి మనుషుల్ని తోలుకుపోయారు. ఆ దెబ్బకు మగవాళ్ళ ఆపరేషన్ అనే మాటే చచ్చిపోయింది, భారమంతా ఆడవాళ్ళ మీద పడింది.

1985లో పటాన్‌చెరు. హైదరాబాదు పక్కనే ఉన్న ఆ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే ఇంజక్షన్‌ను ప్రయోగంగా ఇవ్వబోయారు. భారత వైద్య పరిశోధనా మండలి తలపెట్టిన పని అది. వచ్చిన ఆడవాళ్ళకు ఇది ప్రయోగమన్న సంగతే సరిగా తెలియదు. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికి వెళ్ళి విడమర్చి చెప్పాక చాలామంది వెనక్కి తిరిగారు. 1986లో ఆ సంఘాలు సుప్రీంకోర్టుకెక్కాయి. ఆ ఇంజక్షన్‌ను మూకుమ్మడి కార్యక్రమంలో పెట్టబోమని 2000లో ప్రభుత్వం చెప్పేదాకా ఆ కేసు నడిచింది. పద్నాలుగేళ్ళు!

ఇక మన గడ్డ మీద జరిగింది. 2009 జూలైలో పాత ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. సుమారు పద్నాలుగు వేల మంది పిల్లలు. వాళ్ళలో ఆశ్రమ పాఠశాలల, హాస్టళ్ళ ఆదివాసీ పిల్లలు ఎందరో. 2010 ఏప్రిల్‌లో గొడవ లేచి కేంద్రం దాన్ని ఆపింది. మన జిల్లాలో చనిపోయిన పిల్లల చావులకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ సంఘం చెప్పింది. ఆ టీకా చెడ్డదని మనమూ అనడం లేదు, ప్రపంచమంతా వేస్తున్న టీకా అది. కాని అడిగిన తీరు చూడండి. మన రాష్ట్రంలో పరిశీలించిన 9,543 అనుమతి పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు! 1,948 మీద ఉన్నవి వేలిముద్రలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో ఈ లెక్కలు పెట్టి తప్పుపట్టింది. తల్లిదండ్రులు గుట్ట మీద బతికే ఉన్నారు. వాళ్ళ పిల్లల ఒంటి మీద హక్కు వార్డెన్ చేతిలోకి పోయింది.

చదువుకున్న దేశాల్లో ఇలా జరగదనుకోకండి. డెన్మార్క్ ఏలుబడిలో ఉన్న గ్రీన్‌లాండ్‌లో 1960ల చివర మొదలుపెట్టి సుమారు 4,500 మంది ఇన్యూట్ ఆదివాసీ ఆడవాళ్ళకు లూపు పెట్టారు. పిల్లలు కనే వయసు వాళ్ళలో దాదాపు సగం మంది. బడికి పోయే ఆడపిల్లలు కూడా వాళ్ళలో ఉన్నారు. ఎందరినో అడగనే లేదు, కొందరికి ఏళ్ళ తరబడి తెలియనే లేదు. డెన్మార్క్ ప్రధాని క్షమాపణ చెప్పింది 2025లో. వస్తువు ఒకటే, రాగి ముక్కో ప్లాస్టిక్ ముక్కో. అడిగి పెడితే ఆమె చేతిలో ఆయుధం, అడక్కుండా పెడితే ఆమె ఒంట్లో పాలకుల మేకు.

అడగకుండా పెట్టడం ఒక తప్పైతే, అడిగినా ఇవ్వకపోవడం ఇంకో తప్పు. మన సరిహద్దు అవతలే దాని కథ ఉంది. 1979లో అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం బైగా వంటి కొన్ని ఆదిమ తెగలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయరాదని ఉత్తర్వు ఇచ్చింది. తెగ అంతరించిపోతుందని పైకి చెప్పిన కారణం. ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక కూడా అదే సాగింది. ఇక పిల్లలు వద్దు మొర్రో అన్న తల్లుల్ని ఆస్పత్రి నుంచి వెనక్కి పంపారు. 2017లో బైగా దంపతులే హైకోర్టుకు పోతేగాని ఆ ఆంక్ష తొలగలేదు. ఒక చోట కనొద్దంటారు, ఒక చోట కనమంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడనివ్వని చట్టం 1994లో తెచ్చారు, 2024లో దాన్ని ఎత్తేసి, ఇంకా కనండని ఉపన్యాసాలిచ్చారు. కనేది ఎవరో, ఆ తొమ్మిది నెలలు కూలి మానేది ఎవరో ఆ ఉపన్యాసాల్లో ఉండదు.

తెలుగు నేల మీద ఇప్పటిదాకా నడిచింది ఒకే దారి, ఆడవాళ్ళ ఆపరేషన్. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్ళయిన స్త్రీలలో నూటికి 60 మందికి పైగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే, ఆంధ్రలో నూటికి 70 దాకా. లూపు వాడేవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. మగవాళ్ళ ఆపరేషన్ కూడా అంతే, నామమాత్రం. ఎక్కువమందికి పాతికేళ్ళు నిండకముందే కత్తెర పడిపోతోంది. ఎడం అనే మాటకే చోటు లేదు. వరసగా ఇద్దర్ని కను, ఆపరేషన్ చేయించుకో, ముప్పై ఏళ్ళకే ముసలిదానివైపో. క్యాంపుల్లో ఆపరేషన్లు ఎలా జరుగుతాయో చూశాం. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ క్యాంపుల్లో పదముగ్గురు ఆడవాళ్ళు చనిపోయారు. క్యాంపులు మూడేళ్ళలో మానెయ్యాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. ఆరేళ్ళకు, 2022 ఆగస్టు 25న, మన రాష్ట్రంలోనే ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజు 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు పోయారు. కోర్టు తీర్పు ఇబ్రహీంపట్నం దాకా నడిచి రాలేదు.

ఇందులో నా పాలు కూడా ఉంది కనక మా ఇంటి సంగతి చెబుతాను. ముప్పయ్యేళ్ళ కిందట మా పెద్దోడికి పదకొండో నెల నడుస్తుండగా నా భార్యకు మళ్ళీ నెల తప్పింది. నేనప్పుడు కూలి రేట్ల సమ్మెలో ఊరూరా తిరుగుతున్నాను. రెండో కాన్పు ఒక ఆస్పత్రిలో అయింది. పొద్దున కాన్పు, సాయంత్రం ఒకామె వచ్చి "ఆపరేషన్ చేయిస్తవా, లేదా?" అని నన్ను అడిగింది. మంచం మీదున్న మనిషిని కాదు, నన్ను. లూపు అనే మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆమెకు అప్పటికి ఇరవై రెండు నిండాయో లేదో. చూపించిన చోట సంతకం పెట్టేశాను. సంఘం మీటింగుకు టైమవుతోంది మరి. ఇప్పటికీ కలుపు తీస్తూ నడుం పట్టుకుని లేచినప్పుడల్లా "నీ సంతకం" అంటుంది. నడుం నొప్పి ఆపరేషన్ వల్ల కాదని డాక్టర్లంటారు, వాళ్ళ మాటే నిజం కావచ్చు. సంతకం మాత్రం నాదే.

సరే, ఇప్పుడు ఊళ్ళో వినపడే అనుమానాల దగ్గరకు వద్దాం. ఏ అంగన్‌వాడీ అరుగు మీద కూర్చున్నా ఇవే మాటలు.

"లూపు పైకి పోయి గుండెకు తగులుకుంటదంట కదక్కా?" గర్భసంచి మూసిన సంచి. అందులోంచి గుండెకు దారి లేదు. చాలా అరుదుగా, పెట్టేటప్పుడే సంచి గోడకు గుచ్చుకోవడం ఉంటుంది. అందుకే నేర్చినవాళ్ళే పెట్టాలి.

"మోపు ఎత్తితే జారిపోతదా?" మోపుకూ దానికీ సంబంధం లేదు. కాని కాన్పు కాగానే పెట్టినది జారిపోయే అవకాశం మామూలప్పటి కంటే ఎక్కువ. సంచి ఇంకా పెద్దదిగా ఉంటుంది, అది ముడుచుకుంటూ వస్తుంది. వందలో పదిమంది దాకా జారిపోవచ్చు. ఈ నిజం ముందే చెప్పాలి. చెప్పకపోతే జారిపోయిన సంగతి తెలియక మళ్ళీ కడుపు వచ్చి, "లూపు పనిచేయలే" అనే మాట ఊరంతా పాకుతుంది. అందుకే ఆరు వారాలకు ఒకసారి చూపించుకోవాలి. దారపు పోగులు కనపడుతున్నాయా, పొడుగ్గా ఉంటే కత్తిరించాలా అనేది అప్పుడే తేలుతుంది.

"ముట్టు ఎక్కువ అవుతదంట?" అవును, అవుతుంది. మొదటి కొన్ని నెలలు రక్తం కాస్త ఎక్కువ పోవచ్చు, కడుపులో నొప్పి ఉండొచ్చు. చాలామందికి తర్వాత సర్దుకుంటుంది. కాని ముందే రక్తం లేని మనిషికి అది చిన్న సంగతి కాదు. ఐరన్ మాత్రలు ఇవ్వాలి, రక్తం పరీక్ష చేయాలి. తునికాకు నెలలో, నీళ్ళు దొరకని గుట్ట మీద, ఎక్కువ ముట్టుతో పని చేయడం ఎలా ఉంటుందో లూపు పెట్టేవాళ్ళకు తెలియకపోతే తెలియజెప్పాల్సింది మనమే.

అందరికీ పనికొచ్చేది కూడా కాదు. ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటినా, జ్వరం, చీము వంటివి ఉన్నా, కాన్పులో రక్తం ఆగకుండా పోతున్నా అప్పుడు పెట్టకూడదు. అలాంటివాళ్ళకు వేరే దారులున్నాయి. ఆరు వారాల తర్వాత మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజక్షన్, లక్నో ప్రభుత్వ పరిశోధనాలయం తయారుచేసిన ఛాయ మాత్ర 2017 నుంచి సర్కారు కార్యక్రమంలో ఉన్నాయి. అన్నిటికంటే తేలికైనది మగవాడి ఆపరేషన్. కత్తిగాటు లేకుండా అరగంటలోపు అయిపోతుంది. మన సంఘాల్లో ఎంతమంది చేయించుకున్నారో చేతులెత్తమంటే ఎంత నిశ్శబ్దం ఉంటుందో నాకు తెలుసు.

తీయించుకోవడం గురించి గట్టిగా చెప్పాలి. తీయమంటే తీయాలి. మొగుడి సంతకం అక్కర్లేదు, కారణం చెప్పాల్సిన పని లేదు, "ఇంకో ఆర్నెల్లు ఓర్చుకో" అని తిప్పి పంపకూడదు. 2014 నుంచి కాన్పు తర్వాత లూపు పెట్టిన డాక్టరుకో నర్సుకో 150 రూపాయలు, వెంట తెచ్చిన ఆశా కార్యకర్తకు 150 రూపాయలు ప్రోత్సాహకం పెట్టారు. ఆ డబ్బు పెట్టినందుకే గాని తీసినందుకు కాదు. జీతం లేని ఆశా కార్యకర్త ఆ నూటయాభై కోసం ఆశపడితే ఆమెను తప్పు పట్టలేం. ఆమెకు స్థిరమైన జీతం ఇమ్మని అడగడమే దానికి మందు. లక్ష్యాలు ఎత్తేశామని కేంద్రం 1996లోనే ప్రకటించింది. సమీక్ష సమావేశాల్లో "మీ దగ్గర ఎన్ని?" అనే ప్రశ్న ఆగితేనే ఆ ప్రకటన నిజమైనట్టు.

మన ప్రాంతానికి మరో చిక్కుముడి ఉంది. 2014లో పోలవరం పేరు చెప్పి చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాలను ఆంధ్రలో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, దాని చుట్టూ ఉన్న పల్లెలు అటు పోయాయి. జబ్బుకు, కాన్పుకు మాత్రం జనం పాత దారినే పట్టి భద్రాచలం వస్తారు. కుంట నుంచి, మల్కనగిరి వైపు నుంచి కూడా వస్తారు. ఇప్పుడు ఒక తల్లికి తెలంగాణ ఆస్పత్రిలో లూపు పెట్టారనుకోండి. ఆమె ఇల్లు ఆంధ్రలోనో ఛత్తీస్‌గఢ్‌లోనో ఉంది. ఆరు వారాలకు ఆమె గుమ్మం ముందుకు ఏ ఆశా కార్యకర్త పోవాలి? ఈ రిజిస్టర్లో పేరు ఉంటుంది, ఆ ఊరి రిజిస్టర్లో ఉండదు. గొత్తికోయ గూడేల సంగతి మరీ కష్టం. ఇరవై ఏళ్ళ కిందట సల్వాజుడుం నాటి నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్నవాళ్ళు. తెలంగాణలో వాళ్ళను షెడ్యూల్డు తెగగా గుర్తించనే లేదు. వాళ్ళకు తెలుగు రాదు. అనుమతి పత్రం మాత్రం తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. రాని భాషలో రాసిన కాగితం మీద వేసిన వేలిముద్రకు 2009 నాటి వార్డెన్ సంతకం కంటే ఎక్కువ విలువ ఏముంది?

కాబట్టి సంఘాలు చేయాల్సిన పని పెద్ద సభలతో అయ్యేది కాదు. ఊళ్ళో నెలనెలా గర్భిణులకు పరీక్షలు జరిగే రోజు ఒక కార్యకర్త, వీలైతే ఆడమనిషి, అక్కడ ఉండాలి. లూపు, ఇంజక్షన్, మాత్ర, ఆపరేషన్, ఏదీ వద్దు అనే ఐదు మాటలూ ఆమె భాషలో చెప్పారో లేదో చూడాలి. ఆమె ఏమన్నదో తల్లీబిడ్డల కార్డు మీద ఏడో నెలలోనే రాయించాలి. నొప్పుల గదిలో కొత్త సంతకం అడిగితే అభ్యంతరం చెప్పాలి. డిశ్చార్జి కాగితం మీద లూపు పెట్టారా లేదా, ఏ రకం, ఏ తేదీ, ఎప్పటిదాకా పనిచేస్తుంది అన్నవి ఉండాలి. ఎవరికైనా తనకు పెట్టారో లేదో తెలియని స్థితి ఉంటే అది నేరమే. కాన్పు గదిలో రాత్రి డ్యూటీలో కూడా పెట్టడం నేర్చిన నర్సు ఉండాలని, తీయడం మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే జరగాలని, భద్రాచలం ఐ.టి.డి.ఎ. ముందు పెట్టే డిమాండ్ల కాగితంలో పోడు పట్టాల పక్కనే రాయాలి. సరిహద్దు తల్లుల పేర్లు రెండు రాష్ట్రాల రిజిస్టర్లూ ఇచ్చిపుచ్చుకోవాలని కూడా.

గట్టు మీద నవ్విన ఆ పిల్లకు నెలలు నిండేది తునికాకు కల్లాలు ఎత్తే వేళకు. ఆ రోజు సాయంత్రం ముఠా ఆడవాళ్ళు బస్తాలు కుట్టే చోట కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. కోయ భాష తెలిసిన పెద్దమ్మ ఒకామె పరీక్షల రోజున ఆమెతో పోతానంది. లూపా, ఇంజక్షనా, ఏదీ వద్దా అన్నది ఆమె అప్పుడు చెబుతుందట. ఆ రోజు ఆ ఇద్దరి కూలీ కోయొద్దని మేస్త్రికి చెప్పే పని మాత్రం మాకు ఒప్పజెప్పారు.